అడగనిదే అవుట్ లేదు

మీరు చివరిసారి ఎవరినైనా "ఎందుకు?" అని అడిగింది ఎప్పుడు?

ఇంట్లో పిల్లల్ని కాదు, హోటల్లో సర్వర్ని కాదు. మీకంటే పైనున్నవాణ్ణి, మిమ్మల్ని ఉంచగలిగినవాణ్ణి, పొమ్మనగలిగినవాణ్ణి, మొహంలోకి చూసి అడిగింది ఎప్పుడు? గుర్తు తెచ్చుకోండి. తొందరేమీ లేదు. ఈ మధ్య నాకూ తొందరలు తగ్గాయి.

ఆ ప్రశ్న అడుగుతూనే బతికిన షేక్ ఖాదర్ బాషా గారు పోయిన శుక్రవారం ఉదయం సిడ్నీ పెండిల్ హిల్‌లో తమ ఇంట్లో కన్నుమూశారు. ఆయన భార్య రజియా గారు ఫోన్ చేసి, "అన్నా, సార్ లేయడం లేదు" అన్నారు. "ఏంటికమ్మా?" అన్నాను. ఆ మాట నాది కాదు, ఆయనది. అనంతపురం మనిషి ఆయన. "ఎందుకు" అనడు, "ఏంటికి" అంటాడు. ఇన్నేళ్ళ సావాసంలో అది నా నోటికీ అంటుకుంది. ఆమె మాత్రం ఏం చెబుతుంది? హారిస్ పార్క్ స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద నేను ఎక్కవలసిన రైలు వచ్చి నా ముందే ఆగి, వెళ్ళిపోయింది. నేను చూస్తూ నిలబడ్డాను.

సంస్మరణ వ్యాసాలంటే నాకు నమ్మకం లేదు. పోయినవాళ్ళందరూ పుణ్యాత్ములైపోయే సాహిత్యం అది. కాబట్టి ముందే చెబుతున్నాను. బాషా సార్ మొండివాడు. ఎదుటివాడు వాక్యం పూర్తి చేయకముందే అందులో తప్పు పట్టేవాడు. తన హాస్యానికి తానే ముందు నవ్వేవాడు. టీలో చక్కెర ఎంత వేసుకునేవాడంటే చెంచా నిలబడేది. ఇవన్నీ భరించి ఆయనతో స్నేహం చేశాను. ఇప్పుడు ఇవే తలుచుకుంటున్నాను.

అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఆయన వ్యాయామ అధ్యాపకుడు. బంజరు నేలలో సున్నంతో గీతలు గీసి, ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పించి, రాష్ట్ర పోటీలకు తీసుకువెళ్ళినవాడు. రజియా గారు అదే ఊళ్ళో లెక్కల పట్టా తీసుకుని, హైదరాబాదులో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకున్నారు. రెండువేల సంవత్సరం దగ్గరపడుతున్న కొద్దీ సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకున్న పాత కంప్యూటర్లలో వైటూకే పురుగును ఏరడానికి ప్రపంచమంతటా ఆ భాష తెలిసినవాళ్ళు కావలసివచ్చారు కదా. సిడ్నీలో ఒక పెద్ద సంస్థ ఆమెను పిలిచింది. ఆమె వీసా వెనకాల భర్తగా ఆయన వచ్చాడు. వీసా కాగితాల మీద ఆయన "ఆధారితుడు".

ఆ మాట మనవాళ్ళకు ఎంత వినోదమో! పెండిల్ హిల్ కొట్లో పప్పు కొనుక్కుంటుంటే ఒకాయన నా ఎదుటే అన్నాడు: "ఏం బాషా సార్, మేడమ్ గారు ఆఫీసులో రెండువేల పురుగును పడుతుంటే తమరు గ్రౌండులో బంతి పడుతున్నారంటగా?"

బాషా సార్ పప్పు పొట్లం కౌంటర్ మీద పెట్టాడు. "అవునప్పా. పురుగు ఈ డిసెంబరుకు చస్తుంది. బంతి చావదు గదా. మన ఇద్దరిలో ఎవురి పని పర్మనెంటో సూడు."

అడిగినవాడు కాంట్రాక్టు మీద వచ్చినవాడు. తన సంచీ తీసుకుని బయటికి నడిచాడు.

బేస్‌బాల్ జట్టు ఆయన చేతికి ఎలా వచ్చిందో చెప్పాలి. పారమటా పక్కనున్న ఒక విశ్వవిద్యాలయం మైదానం కంచె బయట రోజూ సాయంత్రం నిలబడేవాడు. లోపల కుర్రాళ్ళు ఆడుతుంటే, ఎవడైనా బంతి తప్పుగా విసిరినప్పుడల్లా నొప్పి పుట్టినట్టు మూలిగేవాడు. ఒకరోజు ఆగలేక "ఫుట్! సీ యువర్ ఫుట్!" అని కేకేశాడు. బంతి విసిరే కుర్రాడు వెనక్కి తిరిగి చూసి, కాలు సర్దుకుని విసిరాడు. సరిగ్గా పడింది. వారం తర్వాత ఆ కేకలు కంచె లోపలి నుంచి వినిపించాయి. జీతం లేదు, టోపీ ఇచ్చారు. ఇక్కడ బేస్ అని, బ్యాగ్ అని అనేదాన్ని ఆయన "దిండు" అనేవాడు. ఆటలో నాలుగు మూలల నాలుగు దిండ్లు ఉంటాయి, వరుసగా ఒక్కొక్కదాన్నీ తొక్కుకుంటూ చుట్టి రావాలి. ఏడాది తిరిగేసరికి వియత్నాం కుర్రాడూ, లెబనాన్ కుర్రాడూ, పుట్టు ఆస్ట్రేలియా కుర్రాడూ కూడా "దిండూ, దిండూ!" అని అరుచుకుంటూ పరిగెత్తేవాళ్ళు. తెలుగుకు ఈ దేశంలో అంతకంటే గొప్ప సేవ ఏ సంఘమూ చేయలేదని నా అభిప్రాయం.

నేను దేవుడు లేడని నలభై ఏళ్ళుగా రాస్తున్నవాణ్ణి. ఆయన ఐదు పూటలా నమాజు చేసేవాడు. మా ఇద్దరికీ ఎలా కుదిరిందని చాలామంది అడిగారు. వాదన కుదిరింది, అంతే. శనివారాలు మధ్యాహ్నం ఆయన వంటింట్లో కూర్చుని గంటలు గంటలు వాదించుకునేవాళ్ళం. ఒకసారి నేను కొంచెం వేడెక్కి, నమ్మకం అంటే తల ఊపడమే అన్నాను. ఆయన కూరగాయల కత్తి కింద పెట్టి అడిగాడు.

"సరేప్పా. దేవుడు లేడని నువ్వే అడిగి తేల్చుకుంటివా, మీ గురువు చెప్తే తల ఊపితివా?"

నేను టీ కప్పు అందుకున్నాను. ఆయన ఉల్లిపాయలు తరుగుతూ, "నేనైతే రోజుకు ఐదుసార్లు అడుగుతాండా. ఆ పైనుండేవాడు ఇంకా చెప్పలా" అని నవ్వాడు. హేతువాద సభల్లో నేను ఎందరినో విన్నాను. హేతువును ఇంత హాయిగా భుజాన వేసుకుని తిరిగిన మనిషిని వేరే చూడలేదు.

రెండువేల సంవత్సరం రాకముందు జరిగింది ఒకటి చెప్పకపోతే ఆయన చిత్రం పూర్తికాదు. డిసెంబర్ ముప్పై ఒకటి అర్ధరాత్రి కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని మనవాళ్ళకు భయం. ఆగితే తప్పు తమ నెత్తి మీదికి వస్తుందని అంతకంటే భయం. అందుకని సరిగ్గా ఆ అర్ధరాత్రి ముహూర్తానికి మన సంఘం తరఫున శాంతి హోమం చేయించాలని ఒక ఆదివారం హాల్లో సమావేశం పెట్టారు. కంప్యూటర్ సైన్సు చదివినవాళ్ళు! నేను ఉపన్యాసం రాసుకుని వెళ్ళాను. మూఢత్వం మీద అగ్ని కురిపించాను. ఎవరూ కదలలేదు. నా ఉపన్యాసాలకు మనవాళ్ళు అలవాటుపడిపోయారు, ట్రాఫిక్ చప్పుడుకు అలవాటుపడినట్టు.

చివర్లో బాషా సార్ ముహూర్తం పెట్టిన పురోహితుడి వైపు చూసి చెయ్యెత్తాడు. ఆయన వచ్చింది రజియా గారిని ఇంటికి తీసుకుపోవడానికి.

"స్వామీ, నాదొక డౌటు. ముహూర్తం పంచాంగం సూసే పెట్టినారు గదా? ఆ పంచాంగం యా ఊరి టైముది?"

పురోహితుడు హైదరాబాదుది అన్నాడు.

"హైదరాబాదులో ఆ ముహూర్తం వచ్చేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటిపోయి ఐదున్నర గంటలైతాది. పోయినాక చేసేదాన్ని శాంతి అంటారా, దినం అంటారా?"

హాలంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు ఆ పురోహితుడే. "నిజమేనండోయ్, టైము జోన్ చూసుకోలేదు" అని పంచాంగం మూసేశాడు. హోమం జరగలేదు. నేను నిప్పులు కక్కి సాధించలేనిది ఆయన ఒక్క సందేహంతో సాధించాడు. కంప్యూటర్లు ఆగలేదన్నది మీకు తెలిసిందే. ఆగినవి ఉద్యోగాలు. కొత్త సంవత్సరం రెండో నెలకల్లా కాంట్రాక్టులు ఒక్కొక్కటీ ముగిశాయి. రజియా గారిది కూడా ముగిసింది. కారణమేమిటని ఎంతమంది అడిగారు? ఆఫీసు గుర్తింపు కార్డు అప్పజెప్పి, తల ఊపి, బయటికి వచ్చారు.

అదే సమయంలో ఆ విశ్వవిద్యాలయం వాళ్ళు బాషా సార్‌కు జీతమిచ్చి ఉద్యోగంలోకి తీసుకుందామని ఆలోచిస్తున్నారు. ఆయన జట్టు మొదటిసారి సెమీఫైనల్‌కు వచ్చింది. ఈ సీజన్ సాఫీగా ముగిస్తే చాలు అని క్లబ్బు మనిషి ఒకాయన చెప్పాడట. ఇంట్లో ఒక జీతం ఆగింది, ఇంకొకటి గుమ్మం దాకా వచ్చి నిలబడింది. పైగా, ఇన్నేళ్ళు "ఆధారితుడు" అనిపించుకున్న మనిషికి అది డబ్బు మాత్రమే కాదు. రజియా గారు ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ, "ఈ ఒక్క రోజు ఎవురితోనూ పెట్టుకోవద్దు సార్" అన్నారు. ఆయన "పెట్టుకోనులే" అన్నాడు. నిజంగానే అనుకుని అన్నాడు.

సెమీఫైనల్ రోజు నేను మైదానంలో ఉన్నాను. ఇక్కడ ఫిబ్రవరి అంటే మన మే నెల. గడ్డి కూడా వాసన వేస్తోంది. మన జట్టులో కిరణ్ అని నెల్లూరు కుర్రాడు. బంతిని దూరంగా కొట్టి, మొదటి దిండు తొక్కి, రెండోదాన్ని దాటి, మూడోదాని దగ్గర ఆగాడు. అయితే రెండో దిండు మీద కాలు పడలేదు. జానెడు పక్కన పడింది. నేను చూశాను. బాషా సార్ చూశాడు. అవతలి జట్టువాళ్ళెవరూ చూడలేదు, వాళ్ళు బంతి వెనక పడి ఉన్నారు. అంపైరు చూశాడు. చూసి, తనంతట తానే "అవుట్!" అన్నాడు.

ఇక్కడ ఆట నియమం ఒకటి చెప్పాలి. కష్టమేమీ కాదు. క్రికెట్‌లో బౌలరు అడగనిదే అంపైరు వేలెత్తడు కదా. ఇదీ అంతే. పరిగెత్తేవాడు దిండు తొక్కకపోతే, అవతలి జట్టు దాన్ని గమనించి, బంతి చేతపట్టుకుని, అంపైర్ని అడగాలి. అడిగితేనే అవుట్. అడగకపోతే అంపైరు చూసినా చూడనట్టే. తీర్పు చెప్పేవాడు తనంతట తాను వేలు పెట్టకూడదు. బాషా సార్ మొదటి రోజు నుంచీ కుర్రాళ్ళకు నేర్పిన పాఠం ఇదే: "అడగనిదే అవుట్ లేదు. మీరు అడగకపోతే ఎవుడూ మీకు ఇయ్యడు. ఇయ్యాల్సిన పని కూడా లేదు."

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో నడిచినట్టు నెమ్మదిగా మైదానంలోకి నడిచాడు.

"సార్, మా అబ్బాయి దిండు తొక్కలేదు. నేనూ చూశాను" అని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

అంపైరు తెల్లబోయాడు. "మరి గొడవేంటి?"

"వాళ్ళు అడగలేదు."

"వాళ్ళు అడగాల్సిన అవసరం లేదు. నేను చూశాను."

"మీరు చూస్తే చాలదు సార్. వాళ్ళు అడగాలి. రూలు అది."

"నాకు రూలు నేర్పుతున్నావా, మేట్?"

"తెలిస్తే నేర్పనక్కరలేదు. పుస్తకం తెప్పించండి, ఇద్దరం చూద్దాం."

చుట్టూ కుర్రాళ్ళు గుమిగూడారు. కిరణ్ మూడో దిండు మీద నిలబడి, "సార్, వదిలేయండి సార్, నేను నిజంగా మిస్సయ్యా" అంటున్నాడు. బాషా సార్ వాడివైపు తిరిగి, "నువ్వు మిస్సయిన సంగతి నాతో చెప్పు, తర్వాత తిడతా. ఇప్పుడు మిస్సయింది నువ్వు కాదు, ఈయన" అన్నాడు తెలుగులో. అంపైరుకు తెలుగు రాదు కాబట్టి ఆ మాటకు శిక్ష లేకపోయింది.

ఆఖరికి అంపైరు గొంతు తగ్గించి, మాట తెంపుతూ అన్నాడు: "నా నిర్ణయం అయిపోయింది. నీ బెంచీకి వెళ్ళు. అర్థమైందా?"

బాషా సార్ ఒక్క క్షణం ఆగాడు. రజియా గారి మాట గుర్తొచ్చిందని తర్వాత నాతో చెప్పాడు. వాదన మానేశాడు. "సరే, విన్నాను" అన్నట్టు తల అటూ ఇటూ ఊపాడు. మనందరం ఊపుతామే, అలా. పెళ్ళిచూపుల్లో ఊపుతాం, బస్సులో టిక్కెట్టు తీసుకుంటూ ఊపుతాం, డాక్టరు చెప్పింది వింటూ ఊపుతాం.

అంపైరు మొహం ఎర్రబడింది. "డోంట్ షేక్ యువర్ హెడ్ ఎట్ మీ."

బాషా సార్ కంగారుపడి, "నో, నో" అన్నాడు, కాదు కాదు, ధిక్కారం కాదు అనే అర్థంలో. అంటూ మళ్ళీ తల ఊపాడు.

"నో అంటున్నావా నాతో?"

"నో సార్, ఓకే సార్" అన్నాడు. తల ఊగుతూనే ఉంది. మన తల అది, చెబితే ఆగుతుందా? అంపైరు చెయ్యి పైకి లేచి గేటు వైపు విసురుగా వెళ్ళింది. కోచ్ బహిష్కరణ! వాదించినంతసేపూ ఉంచినవాడు, ఒప్పుకున్న క్షణాన బయటికి పంపాడు. జీవితమంతా తల ఊపేవాళ్ళను ఎగతాళి చేసిన మనిషి, తల ఊపినందుకే గేటు దాటాడు. చెట్టు కింద నా పక్కన వచ్చి కూర్చుని, ఆయనే ముందు నవ్వాడు. "సూసినావాప్పా, ఒప్పుకుంటే ఏమైతాదో?"

కుర్రాళ్ళు ఆ మ్యాచ్ ఎలాగో గెలిచారు. ఫైనల్ ఆ పై శనివారం. ఆలోగా పోటీల కమిటీ ముందు హాజరై సంజాయిషీ చెప్పాలి, చెప్పకపోతే ఫైనల్‌కు రాకూడదు. ఆ తర్వాతి ఉద్యోగం సంగతి చెప్పనే అక్కర్లేదు.

అప్పుడు రంగంలోకి దిగాడు మన సంఘం అధ్యక్షుడు ప్రభాకర్ గారు. కృష్ణా జిల్లావాడు, రౌస్ హిల్‌లో అప్పుడే ఇల్లు కట్టుకుంటున్నాడు, మంచివాడు. మంచివాడని వ్యంగ్యంగా అనడం లేదు. పని మానుకుని వచ్చి, కమిటీవాళ్ళతో ముందే మాట్లాడి, దారి వేసి పెట్టాడు. క్లబ్బు గది బయట బాషా సార్ భుజం మీద చెయ్యివేసి బోధించాడు.

"చూడండి బాషా గారూ, నేను వాళ్ళకి అంతా ఎక్స్‌ప్లెయిన్ చేసేశా. ఇండియాలో తల అలా ఊపితే యెస్ అని అర్థం, అది మా కల్చరూ అని చెప్పా. వాళ్ళు పాపం చాలా ఫీలయ్యారండీ, సారీ కూడా చెప్పారు. మీరు లోపలికెళ్ళి ఆ ఒక్క ముక్క అనండి. కల్చరల్ మిస్‌అండర్‌స్టాండింగ్. అయిపోయింది."

"అది నిజమే గదా" అన్నాడు బాషా సార్.

"అదే కదండీ నేననేది!"

లోపల ముగ్గురు కూర్చున్నారు. మధ్యనున్న ఆవిడ ఎంతో మర్యాదగా మాట్లాడింది. తల ఊపడం విషయం తమకు ఇప్పుడు తెలిసిందనీ, వేరే సంస్కృతులను గౌరవించడం తమ విధానమనీ, ఆయన దాన్ని ధ్రువీకరిస్తే ఇక్కడితో ముగిద్దామనీ అంది. బాషా సార్ విన్నాడు. ఈసారి తల కదలకుండా రెండు చేతులా బల్ల అంచు పట్టుకున్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను.

"మేడమ్, తల గురించి మీరు చెప్పింది కరెక్టు. దానికి ముందు నేను రూలు గురించి చెప్పింది కరెక్టా, కాదా?"

"మనం రూలు గురించి మాట్లాడడానికి రాలేదు, మిస్టర్ బాషా."

"ఏంటికి?" అన్నాడు. తెలుగులోనే వచ్చింది. వెంటనే ఇంగ్లీషులో, "వై నాట్?" అన్నాడు.

ఆవిడ మళ్ళీ ఓపికగా సంస్కృతి గురించి చెప్పింది. ఆయన అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి: "నేను తప్పు చెప్పి ఉంటే తప్పని చెప్పండి, పోతాను. ఒప్పు చెప్పి ఉంటే ఒప్పని చెప్పండి, ఉంటాను. నేను చెప్పింది వినకుండా, పాపం వాళ్ళ తలలు అట్లాగే ఊగుతాయిలే అని క్షమిస్తే, ఆ క్షమ నాకొద్దు. నాకు తల ఉంది మేడమ్. అది ఊగడానికే కాదు."

నా పక్కన ప్రభాకర్ గారు కళ్ళు మూసుకున్నాడు.

పాఠకులారా, ఇక్కడ కొంచెం ఆగండి. పూర్వం మన సంస్కర్తలు ఏ ఆచారాన్ని ప్రశ్నించినా, పెద్దలు ఇది మా సంప్రదాయం, అడగకూడదు అన్నారు. ఇప్పుడు ఇంకొక కొత్త మర్యాద వచ్చింది. ఇది మీ సంప్రదాయం, కాబట్టి మిమ్మల్ని అడగం అంటున్నారు. రెండూ నోరు మూయించేవే. మొదటిది కర్రతో మూయిస్తుంది, రెండోది చిరునవ్వుతో. కర్రను గుర్తుపట్టడం సులువు. చిరునవ్వును గుర్తుపట్టినవాణ్ణి నేను బాషా సార్‌నే చూశాను. నేనైతే ఆ గదిలో ఆ మాట అనగలిగేవాణ్ణా? రాయగలిగేవాణ్ణి, అంతే.

ఫైనల్ రోజు ఆయన కంచె బయట నిలబడ్డాడు, మొదట్లో ఎక్కడ నిలబడేవాడో అక్కడే. ఆట మధ్యలో అవతలి జట్టువాడు రెండో దిండు పక్కనుంచి పరిగెత్తాడు. కిరణ్ చూశాడు. బంతి తెప్పించుకుని, దిండు మీద కాలు పెట్టి, అంపైరు వైపు తిరిగి గట్టిగా అడిగాడు. అదే అంపైరు. చేతులు రెండూ పక్కలకు చాచాడు. క్రికెట్‌లో వైడ్ అన్నట్టు ఉంటుంది ఆ సైగ. ఇక్కడ దానికి అర్థం: అవుట్ కాదు, వాడు తొక్కాడు.

తొక్కలేదు. కంచె బయట నుంచి మాకు కనిపించింది.

బాషా సార్ చప్పట్లు కొడుతున్నాడు. నాకు ఒళ్ళు మండి, "ఏంటికి సార్ చప్పట్లు? ఇవ్వలేదు కదా!" అన్నాను.

"అడిగినాడు గదప్పా" అన్నాడు.

ఆ ఫైనల్ ఓడిపోయారు. ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చారు. టోపీ తిరిగి అడగలేదు. రజియా గారికి చాలాకాలం పని దొరకలేదు. బాషా సార్ హారిస్ పార్క్‌లో ఒక కిరాణా కొట్లో బియ్యం మూటలు దించాడు. దించుతూ కూడా యజమానితో వాదించాడు, మూటల మీది బరువుకూ లోపలి బరువుకూ తేడా ఎందుకుందని. కుర్రాళ్ళు సాయంత్రం కొట్టు దగ్గరికే వచ్చేవాళ్ళు. ఫుట్‌పాత్ మీద ఖాళీ గోనెసంచులు మడతపెట్టి దిండ్లుగా పరిచి, కాలు ఎక్కడ పడాలో చూపించేవాడు. ఆ కథకు విజయవంతమైన ముగింపు ఏదైనా ఉందేమోనని చాలాసార్లు వెతికాను. లేదు.

పోయిన శుక్రవారం ఇంటికి వెళ్ళినప్పుడు రజియా గారు ఆ టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "ఆ ఒక్క ముక్క అనుంటే అయిపోయేది గదన్నా. ఆ రోజు సార్ మీద నాకు శానా కోపం వచ్చింది" అన్నారు. టోపీ అంచు సర్దుతూ, "కోపం ఇంకా పోలేదు. మనిషే పోయినాడు" అన్నారు. ఓదార్చడానికి నా దగ్గర పరలోకం లేదు. ఆమె దగ్గర ఉంది. అయినా ఆ పూట ఇద్దరికీ అది అక్కరకు రాలేదు.

ఖననం దగ్గరికి కిరణ్ ఆ అంపైర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వారమంతా నీళ్ళ పైపులు బిగించుకుని, శనివారాలు అంపైరుగా నిలబడే మామూలు మనిషి. వెనక వరసలో టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అంతా అయ్యాక వెళ్ళి అడిగాను: ఆ రోజు బాషా చెప్పిన రూలు తర్వాత ఎప్పుడైనా చూశారా?

ఆయన టోపీ మళ్ళీ తలకు పెట్టుకున్నాడు. "ఆ రోజు ఎండ బాగా ఎక్కువగా ఉంది, మేట్" అన్నాడు.

అంతే. కుట్ర లేదు, ద్వేషం లేదు. ఎండగా ఉంది. ఒక మనిషి ఈ దేశంలో కూడగట్టుకున్నదంతా ఎండకు పోయింది. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక ఇంటికి వచ్చి పడుకున్నాను.

నిన్న సంఘం వాళ్ళ ప్రకటన వచ్చింది. వచ్చే ఆదివారం పెండిల్ హిల్ హాల్లో సంతాప సభ. "సౌమ్యులు, మితభాషి, ఎవరినీ ఎదురు ప్రశ్నించి ఎరుగని అజాతశత్రువు అయిన శ్రీ ఖాదర్ బాషా గారి స్మృత్యర్థం రెండు నిమిషాలు మౌనం పాటించబడును." ప్రభాకర్ గారే రాశారు. ప్రేమతోనే రాశారని నాకు తెలుసు. మితభాషి! ఆ మాట చదివితే బాషా సార్ ముందు తానే నవ్వేవాడు, తర్వాత అందులో తప్పులు పట్టేవాడు. బతికుండగా ఆయన మాటను సంస్కృతి పేరుతో పక్కన పెట్టారు. ఇప్పుడు మర్యాద పేరుతో ఆ మాటను అసలు లేకుండానే చేస్తున్నారు. ఇలా రెండోసారి కూడా గేటు బయటికి పంపుతున్నాం ఆయన్ని. ఈసారి చెయ్యి చూపిస్తున్నది అంపైరు కాదు, మనమే.

అలాంటి మనిషి మళ్ళీ దొరకడు. ఆ ఖాళీ పూడదు. నేను వయసు మళ్ళినవాణ్ణి, ఉపన్యాసాల మనిషిని, నా గొంతు మీకు అలవాటైపోయింది. నా వల్ల కాదు. కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. ఆదివారం హాలుకు రండి. వేదిక మీది నుంచి "అందరూ లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం" అని వినపడగానే, లేచి నిలబడండి. నిలబడి నోరు తెరవండి. మాట్లాడినందుకు బయటికి పంపించిన మనిషికి మౌనం ఏంటికి అని అడగండి. ఆయన చెప్పిన రూలు తప్పో ఒప్పో ఆ కమిటీని ఈ సంఘం ఇంతవరకూ ఏంటికి అడగలేదో అడగండి. జవాబు వచ్చేదాకా కూర్చోకండి. రాకపోతే మళ్ళీ అడగండి.

తల మాత్రం ఊపకండి.